గోవాలో ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ దిగాలి: తావెర్నా, ష్యాక్, బార్, గెస్ట్‌హౌస్

గోవా ప్రయాణం అనుకోగానే మనవాళ్లు ముందు హోటల్ బుక్ చేసేస్తారు. అదీ ఎక్కువగా కలంగూట్, బాగా బీచ్‌ల వైపే. సాయంత్రాలు ఎక్కడ గడపాలి, ఎవరి మధ్య కూర్చోవాలి అన్నది అక్కడికెళ్లాక చూసుకోవచ్చులే అనుకుంటారు. నేనైతే ముందు ఆ రెండో సంగతే తేల్చుకోమంటాను. ఎలాంటి చోట కూర్చోవాలని ఉందో నిర్ణయించుకుని, అక్కణ్ణుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో గది చూసుకోండి.

దీనికి కారణం రోడ్డు. హైదరాబాద్‌లోలా అర్ధరాత్రి ఫోన్ నొక్కగానే క్యాబ్ వచ్చే ఊరు కాదది. గోవామైల్స్ అనే యాప్ ఉంది, పగలు బాగానే పనికొస్తుంది. కానీ రాత్రి పొద్దుపోయాక పల్లెదారుల్లో బండి దొరకడం కష్టం, దొరికితే డ్రైవర్ చెప్పిందే రేటు. గోవా ప్రభుత్వ కదంబ బస్సులూ చీకటి పడ్డాక పల్చబడతాయి. ఇక మిగిలేది అద్దె స్కూటర్. సన్నటి రోడ్లు, పొలాల మధ్య లైట్లు లేని మలుపులు, పైన రెండు పెగ్గులు. రక్తంలో ఆల్కహాల్ 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. జరిమానా సంగతి అలా ఉంచండి, ఆ మలుపుల్లో ప్రాణాలకే గ్యారంటీ లేదు. గది దగ్గరగా ఉంటే ఈ టెన్షనే ఉండదు.

ముందు తావెర్నా గురించి చెప్తాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా చూడకుండా వచ్చేది అదే. 1961 డిసెంబరు దాకా గోవా పోర్చుగీసు వాళ్ల చేతుల్లో ఉంది. తావెర్నా అంటే ఊళ్లో ఇంటి ముందు గదిలో నడిచే చిన్న మద్యం కొట్టు, అది ఆ కాలం నుంచీ వస్తోంది. ఇప్పుడు చాలావాటికి బయట ‘బార్’ అనే బోర్డే ఉంటుంది. లోపల రెండు మూడు బల్లలు, ఒక చెక్క కౌంటరు, వెనక అద్దాల బీరువా. కౌంటరు మీదో కిందో గర్రఫావ్ కనిపిస్తుంది. అది సన్నటి మెడ, పెద్ద పొట్ట ఉండే గాజు కూజా, దాంట్లోనే ఫెని అనే గోవా సారాను నిలవ ఉంచుతారు. గోడ మీద సిలువ, దాని ముందు చిన్న లైటు. చాలాచోట్ల పోసి ఇచ్చేది ఆ ఇంటి ఆడమనిషే. కొన్నిట్లో ఒక పక్క కిరాణా సరుకులు కూడా అమ్ముతారు. సబ్బు కొనడానికి వచ్చిన పిల్లాడు, గ్లాసు ముందు కూర్చున్న తాత ఒకే గదిలో ఉంటారు.

అక్కడ తాగే పద్ధతే వేరు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఒక పెద్దాయన వస్తాడు. బల్ల దాకా కూడా రాడు, కౌంటరు దగ్గరే నిలబడతాడు. చిన్న గ్లాసులో ఫెని, పక్కన కొద్దిగా నీళ్లు. ఎవరి కొబ్బరిచెట్లు ఎంత కాసాయి, ఎవరి కొడుకు ఓడ ఎక్కాడు, చర్చిలో పండగ ఎప్పుడు, ఇలా నాలుగు మాటలు. గ్లాసు ఖాళీ అవుతుంది, ఆయన వెళ్లిపోతాడు. మన పల్లెల్లో పొద్దున్నే కల్లు దుకాణం దగ్గర నలుగురూ చేరి కబుర్లాడుకున్నట్టే ఉంటుంది ఈ వ్యవహారం. అందుకే తెలుగువాళ్లకు తావెర్నా కొత్తగా అనిపించదు, కాస్త కూర్చుంటే చాలు ఇమిడిపోతారు.

అక్కడ అడగాల్సింది ఫెని, లేదంటే ఉర్రాక్. ఫెని రెండు రకాలు. జీడిమామిడి పండ్ల నుంచి చేసేది ఒకటి, కొబ్బరి కల్లు నుంచి చేసేది ఇంకొకటి. కొబ్బరి ఫెని ఎక్కువగా దక్షిణ గోవాలో దొరుకుతుంది. జీడిమామిడి చెట్టును బ్రెజిల్ నుంచి తెచ్చింది పోర్చుగీసువాళ్లే. పండిన పండ్లు వాటంతటవి రాలాక ఏరుకొస్తారు, గింజ తీసేసి, పండ్లను రాతి తొట్లలో కాళ్లతో తొక్కి రసం తీస్తారు. ఆ రసం పులిశాక భట్టీ ఎక్కిస్తారు. మొదటి భట్టీలో దిగేది ఉర్రాక్, ఘాటు 15 శాతం అటూఇటూ. దాన్ని మళ్లీ కాస్తే వచ్చేది ఫెని, 42 శాతం పైమాటే. జీడిమామిడి ఫెనికి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పలాస, ఉద్దానం వైపు వాళ్లు ఆ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే గుర్తుపడతారు, అది తోటలో రాలి మగ్గిన పండు వాసనే. మన దగ్గర జీడిపప్పు తీసుకుని పండును చాలావరకు తోటలోనే వదిలేస్తాం. గోవావాళ్లు ఆ పండు మీదే ఒక సంప్రదాయాన్ని నిలబెట్టుకున్నారు. ఇది చూసినప్పుడల్లా నాకు మన తోటలే గుర్తొస్తాయి.

ఉర్రాక్ మార్చి నుంచి మే దాకానే. నిలవ ఉండదు, కాబట్టి వాన మొదలయ్యేసరికి అయిపోతుంది. లిమ్కా, నిమ్మరసం, ఉప్పు, నిలువునా చీల్చిన పచ్చిమిర్చి వేసి ఇస్తారు. ఎండలో అది గొంతులోంచి జ్యూస్‌లా దిగిపోతుంది, ప్రమాదం కూడా అక్కడే ఉంది. మన స్ట్రాంగ్ బీరుకు రెట్టింపు ఘాటున్న సరుకును బీరు గ్లాసులో తాగుతున్నామన్న సంగతి గుర్తుపెట్టుకోవాలి. రెండు గ్లాసుల దగ్గర ఆగితే సాయంత్రం హాయిగా గడుస్తుంది.

తావెర్నాలో లేనివి కూడా చెప్పాలి. తిండి పెద్దగా ఉండదు. ఉడికించిన శనగలు, గుడ్డు, పల్లీలు, అదృష్టం బాగుంటే ఆ పూట ఇంట్లో చేసిన చేప ముక్క. శాకాహారులు కడుపు నింపుకుని వెళ్లడం మంచిది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా చాలావరకు తలుపులు మూసే ఉంటాయి, అది వాళ్ల కునుకు వేళ. రాత్రి కూడా పెందరాళే కట్టేస్తారు. మ్యూజిక్ ఉండదు. ఎనిమిది మంది ఒకేసారి దూరి గోల చేస్తే ఎవరూ ఏమీ అనరు గానీ, మాటలు ఆగిపోతాయి, పెద్దాయన గ్లాసు దించి వెళ్లిపోతాడు. ఇద్దరు ముగ్గురుగా వెళ్లండి. చొక్కా లేకుండా బీచ్ నుంచి నేరుగా వెళ్లకండి. ఫోటో తీసేముందు అడగండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లు కూడా ఉన్న గుంపుకు, పణజిలో ఫొంటైన్‌హాస్ పేటలోని జోసెఫ్ బార్ మంచి మొదలు. పాతకాలపు కొట్టే, కానీ ఇప్పుడు కుర్రవాళ్లు, ఆడవాళ్లు, బయటి ఊళ్లవాళ్లు అందరూ వస్తారు. లోపల చోటు చాలక సందులో నిలబడి తాగుతుంటారు.

ష్యాక్ దీనికి పూర్తిగా వేరు. ఇసుక మీద వెదురు, తాటాకు, ప్లైవుడ్‌తో వేసే తాత్కాలిక పాక అది. లైసెన్సులు గోవావాళ్లకే ఇస్తారు, లాటరీ తీసి. అక్టోబరు ప్రాంతంలో వేస్తారు, మే ఆఖరుకల్లా పీకేయాలి. కాళ్ల కింద ఇసుక, ఎదురుగా సముద్రం, చేతిలో చల్లటి బీరు. మొదటిసారి గోవా చూసేవాళ్లకు ఆ సుఖం ఇంకెక్కడా దొరకదు, కాదనను. పిల్లలతో, అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకు కూడా తావెర్నా కన్నా ష్యాకే నయం. పిల్లలు ఇసుకలో ఆడుకుంటారు, తాగనివాళ్లకు కావలసినంత మెనూ ఉంటుంది, ఆడవాళ్లు ఎంతసేపు కూర్చున్నా ఎవరూ తేరిపార చూడరు.

ష్యాక్‌లో జాగ్రత్త పడాల్సింది చేప దగ్గర. వెయిటర్ ఆ రోజు పడ్డ చేపల్ని ట్రేలో పెట్టుకుని బల్ల దగ్గరికి తెస్తాడు. వంజరం, చందువ, పెద్ద రొయ్యలు, ఒక్కోసారి బల్ల చివరి దాకా ఉండే ఎర్రటి చేప. మెనూలో వాటి ఎదురుగా ధర ఉండదు, సైజును బట్టి అని ఉంటుంది. నలుగురిలో అడగడానికి మొహమాటపడి తల ఊపేస్తారు, బిల్లు వచ్చాక ఒకరి మొహాలొకరు చూసుకుంటారు. చేపను తూకం వేయించండి, మొత్తం ఎంతవుతుందో అంకెల్లో చెప్పించుకోండి, ఆ తర్వాతే వండమనండి. ఇది అక్కడ మామూలే, ఎవరూ తప్పుపట్టరు. రెషాదో మసాలా పట్టించి వేయించమంటే మన నాలుకకు సరిపోయే కారం, పులుపు ఉంటాయి. వాలుకుర్చీలకు విడిగా డబ్బులా, ఆర్డర్ ఇస్తే ఉచితమా అన్నది కూడా కూర్చోకముందే అడిగేయండి.

ఇంకొకటి, సముద్రం. బీరు తాగాక నీళ్లలోకి దిగడం మనవాళ్లలో ఎక్కువ. అక్కడి అలలు తీరం నుంచి లోపలికి లాగేస్తాయి. లైఫ్‌గార్డులు ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగమంటారు, చీకటి పడేసరికి వాళ్ల డ్యూటీ అయిపోతుంది. స్నానం అయ్యాకే గ్లాసు పట్టుకోండి, గ్లాసు పట్టుకున్నాక మళ్లీ నీళ్లలోకి వద్దు. ష్యాక్ బయట ఇసుకలో సొంత సీసాలు పెట్టుకుని తాగడం నేరం, జరిమానా గట్టిగానే ఉంటుంది. పగిలిన గాజు ముక్కలు తొక్కేది ఎవరో చిన్నపిల్లలే కాబట్టి ఆ నిబంధన నాకు పూర్తిగా సమ్మతం.

మూడోది బార్ అండ్ రెస్టారెంట్. మాపుసా, మడగావ్, పణజి లాంటి ఊళ్లలో, పెద్ద పల్లెల్లో మెయిన్ రోడ్డు మీద ఉంటుంది. అక్కడి కుటుంబాలు ఆదివారం భోజనానికి వెళ్లే చోటు ఇదే. చేప పులుసు అన్నం, కొబ్బరి మసాలా కూర షకూతి, పచ్చ మసాలాలో వేయించిన కోడి కఫ్రియాల్, పంది మాంసం తినేవాళ్లకు విందాలూ, శాకాహారులకు నాలుగైదు కూరలు. ష్యాక్ కన్నా ధర తక్కువ, తావెర్నా కన్నా తిండి ఎక్కువ. ఎటూ తేల్చుకోలేని గుంపుకు నేను ఇదే చెప్తాను. మెనూలో ధరలు రాసి ఉంటాయి, లోపల కుటుంబాలు కనిపిస్తాయి, కూర్చోండి.

క్లబ్బుల గురించి ఎక్కువ చెప్పను. వాగతోర్, అంజునా, బాగా వైపు ఉంటాయి. ఆడవాళ్లు లేని మగవాళ్ల గుంపును చాలాచోట్ల రానివ్వరు, లేదా ఎక్కువ వసూలు చేస్తారు. గేటు దగ్గర బేరాలాడి మూడ్ పాడుచేసుకునే కన్నా ముందే ఫోన్ చేసి కనుక్కోవడం నయం. మాండవి నదిలో నిలబడి ఉండే కేసినో ఓడలకు వెళ్లాలనుకునేవాళ్లకు నా దగ్గర సలహా ఏమీ లేదు, వెళ్లవద్దన్న మాట తప్ప.

ఇక దిగే చోటు. తావెర్నాలు, మామూలు ఊరి జీవితం చూడాలనుకుంటే పల్లెలోని గెస్ట్‌హౌస్‌కు మించింది లేదు. కింద ఇంటివాళ్లు ఉంటారు, పైన రెండు మూడు గదులు అద్దెకిస్తారు. దక్షిణాన బెనౌలిం దీనికి బాగా సరిపోతుంది. మారియా హాల్ కూడలి చుట్టూ తినడానికి, తాగడానికి చోట్లు ఉన్నాయి, బీచ్‌కు నడిచే వెళ్లొచ్చు. పొద్దున్నే రొట్టెలవాడు, అక్కడి మాటలో పొదేర్, సైకిల్ హారన్ మోగించుకుంటూ పావ్ అమ్ముతాడు, ఆ వేడి పావ్‌తోనే టిఫిన్ అయిపోతుంది. బుక్ చేసేముందు మూడు విషయాలు అడగండి. రాత్రి గేటు ఎన్నింటికి వేస్తారు, వేడినీళ్లు ఎప్పుడెప్పుడు వస్తాయి, గదిలో తాగొచ్చా. మూడోది అడగడానికి సిగ్గుపడకండి. కొందరు ఇంటివాళ్లకు అభ్యంతరం ఉండదు, కొందరికి ఉంటుంది. అది వాళ్ల ఇల్లు.

ష్యాకే మీకు ముఖ్యమైతే దక్షిణాన పాలోలెం, అగోండా బీచ్‌లలో ఇసుక పక్కనే వేసే గుడిసెలున్నాయి. కూర్చున్న చోటు నుంచి పడుకునే చోటుకు పాతిక అడుగులు. కొత్త జంటలకు నేను మొదట చెప్పేది ఇదే. అయితే గోడలు పల్చన, పక్క గుడిసెలో దగ్గినా వినిపిస్తుంది. దోమతెర ఉందో లేదో, తలుపుకు సరైన గడియ ఉందో లేదో చూసుకోండి. అగోండాలో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి కాబట్టి రాత్రిపూట వెలుతురు, చప్పుడు తక్కువ. హోరెత్తే పాటలు కావాలనుకునేవాళ్లకు ఆ ఊరు నచ్చదు, నిద్ర కావాలనుకునేవాళ్లకు చాలా నచ్చుతుంది. గుడిసెలు కూడా వానాకాలానికి పీకేస్తారు.

ఒంటరిగా వెళ్తుంటే హాస్టల్. అంజునా, వాగతోర్, అరాంబోల్, పాలోలెంలలో ఉన్నాయి. మంచం అద్దె తక్కువ, హాల్లో కూర్చుంటే పరిచయాలు వాటంతటవే అవుతాయి. ఆడవాళ్లకు విడి డార్మిటరీ ఉన్నదే ఎంచుకోండి, లాకర్‌కు తాళం మీరే తీసుకెళ్లండి.

కలంగూట్, బాగా హోటళ్లకు ఒక్క లాభం ఉంది, అన్నీ దగ్గర. దానికి తగ్గట్టే రద్దీ, హారన్ల మోత. డిసెంబరు ఆఖరి వారంలో ఆ రోడ్డు మీద బండి కదలదు, గది అద్దె కూడా మామూలు రోజులకు అందనంత పెరుగుతుంది. అందరూ మగవాళ్లే ఉన్న గుంపైతే ఆ సంగతి ముందే చెప్పి, సరేనన్నాకే అడ్వాన్స్ కట్టండి. డబ్బు కట్టాక, సామానుతో రిసెప్షన్ దగ్గర నిలబడ్డాక ‘బ్యాచిలర్స్‌కు ఇవ్వం’ అనిపించుకున్నవాళ్లు ఎంతోమంది.

పణజిలో ఫొంటైన్‌హాస్ పేటలో దిగడం చాలామందికి తట్టదు. పసుపు, నీలం, ఎరుపు రంగుల పాత ఇళ్లు, వాటిల్లో కొన్ని హోటళ్లుగా మారాయి. పంజిమ్ ఇన్ అలాంటిదే. బీచ్ పక్కన ఉండదు, నిజమే. కానీ జోసెఫ్ బార్ నడక దూరం, రెస్టారెంట్లు నడక దూరం, బస్టాండు దగ్గర, స్కూటర్ అవసరమే ఉండదు. యాభై దాటిన దంపతులకు, పుస్తకాలూ పాత కట్టడాలూ ఇష్టపడేవాళ్లకు రెండు రాత్రులు ఇక్కడే ఉండమంటాను. ఆ ఇళ్లలో ఇంకా మనుషులు కాపురం ఉంటున్నారు. వాళ్ల గుమ్మాల ముందు గంటలకొద్దీ ఫోటోలు దిగుతుంటే వాళ్లకెంత చిరాకో అక్కడి బోర్డులు చదివితే తెలుస్తుంది.

ఎప్పుడు వెళ్తున్నారన్నదాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అన్నీ తెరిచే ఉంటాయి, ధరలూ ఎక్కువ. మార్చి, ఏప్రిల్ నాకు అన్నిటికన్నా ఇష్టం. ఎండ ఉంటుంది, జనం తగ్గుతారు, ఉర్రాక్ దొరుకుతుంది, సత్తరి తాలూకా వైపు వెళ్తే భట్టీలు నడుస్తుంటాయి. తాగనివాళ్లు అక్కడ నీరో అడగండి. పండ్ల నుంచి అప్పుడే దిగిన తియ్యటి రసం అది, పులియకముందే తాగెయ్యాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ష్యాకులు, గుడిసెలు ఉండవు, సముద్రంలోకి దిగనివ్వరు. జూన్, జూలైల్లో మరపడవలకు వేట నిషేధం, కాబట్టి చేప కూడా ఎక్కువగా ఐసులో పెట్టిందే. అయినా వానాకాలంలో తావెర్నాలు తెరిచే ఉంటాయి. జూన్ 24న సావ్ జువావ్ పండగ, తలకు పూల కిరీటాలు పెట్టుకుని కుర్రాళ్లు బావుల్లోకి దూకుతారు. ఊరివాళ్లతో కలిసి కూర్చోవాలనుకునేవాళ్లకు అదే అసలు సీజన్.

ఎటునుంచి దిగుతున్నారన్నది కూడా చూసుకోండి. సికింద్రాబాద్ నుంచి వాస్కోకు 2024 అక్టోబరులో మొదలైన వారానికి రెండుసార్లు నడిచే రైలు, విజయవాడ, గుంటూరు మీదుగా వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్, రెండూ మడగావ్‌లో ఆగుతాయి. అక్కణ్ణుంచి బెనౌలిం కొద్ది దూరమే. విమానంలో వెళ్తే టికెట్ మీద ఏ విమానాశ్రయమో చదవండి. 2023లో మొదలైన మోపా రాష్ట్రానికి ఉత్తరపు కొసన ఉంది, అరాంబోల్, మోర్జిం, వాగతోర్‌లకు దగ్గర. పాలోలెంలో గది తీసుకుని మోపాలో దిగితే రాష్ట్రమంతా దాటి రావాలి, టాక్సీకి పెట్టే డబ్బుతో ఒక రాత్రి గది వచ్చేస్తుంది. దక్షిణానికి వెళ్లేవాళ్లు దబోలిం విమానాశ్రయం చూసుకోండి. స్కూటర్ అద్దెకు తీసుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్న బండే తీసుకోండి. తెల్ల ప్లేటు సొంత బండి, దాన్ని అద్దెకివ్వడం చట్టవిరుద్ధం, పోలీసులు ఆపితే ఇబ్బంది మీకే.

నలుగురు స్నేహితులు, నాలుగు రాత్రులు అనుకుంటే నేను ఇలా వెయ్యమంటాను. మడగావ్‌లో రైలు దిగి బెనౌలింలో గెస్ట్‌హౌస్, రెండు రాత్రులు. ఒక సాయంత్రం ష్యాక్, ఒక సాయంత్రం ఊళ్లోని తావెర్నా, ఇద్దరిద్దరుగా. తర్వాత పణజికి మారి రెండు రాత్రులు. అమ్మానాన్నలు కూడా వస్తే బెనౌలింలో గెస్ట్‌హౌస్ కింది అంతస్తు గది అడగండి, తావెర్నా బదులు బార్ అండ్ రెస్టారెంట్. ఉత్తరానికే వెళ్లాలనుకుంటే బాగా బీచ్ వద్దు, మాండ్రెం, ఆశ్వెం చూడండి. బీచ్ విశాలం, జనం తక్కువ.

వచ్చేటప్పుడు సీసాల సంగతి. గోవాలో మందు చవక కాబట్టి బ్యాగు నింపుకుని రావాలనిపిస్తుంది. గోవాలో కట్టిన పన్ను గోవాకే చెల్లు. తెలంగాణలోకి తెస్తే అది సుంకం కట్టని మద్యం కిందికి వస్తుంది. ఎక్సైజ్ వాళ్లు శంషాబాద్ విమానాశ్రయంలోనూ, గోవా నుంచి వచ్చే రైళ్లలోనూ తనిఖీలు చేస్తూనే ఉంటారు. సీసాలు పోవడమే కాదు, కేసు కూడా అవుతుంది. తావెర్నాలో ప్లాస్టిక్ బాటిల్లో పోసిచ్చిన ఫెనినైతే విమానంలో లగేజీకి కూడా ఒప్పుకోరు. ఇంటికి ఏదైనా తీసుకెళ్లాలంటే మాపుసాలో శుక్రవారం సంత జరుగుతుంది. పులుపు కోసం వేసే ఎండు కోకం, గోవా వెనిగర్, రెషాదో మసాలా అక్కడ కొనుక్కోండి. వంజరం ముక్కలకు ఆ మసాలా పట్టించి ఇంట్లో వేయిస్తే చాలా బాగుంటుంది.